సవాలక్షలో ఒక గింజ

బషీర్ సంచి నేనే సర్దాను. రెండు లుంగీలు, మూడు బనీన్లు, తువ్వాల, కాగితం విప్పని సబ్బు, దువ్వెన, నాలుగు రోజులకు సరిపడా జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, తలనొప్పి మాత్రలు. మాత్రలు ముందు నాలుగు పెట్టాను. తరువాత రెండు కలిపాను. అయినా నెమ్మది లేక డబ్బా మొత్తం పెట్టేశాను. మా తమ్ముడు బోర్లు వేసే లారీ మీద పనికి కుదిరాడు. పెళ్ళయి మూడు నెలలు. ఆ ఏడు వానలు లేక నల్లగొండ నుంచి రాయచూరు దాకా అందరికీ బోరే కావాలి. పొద్దున తొమ్మిదింటి బస్సు.

జిప్పు లాగబోతుంటే గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"ఆగండి. ఆ సంచిని ఎవరూ ముట్టుకోవద్దు."

రామచంద్రం. నకిరేకల్ బస్టాండు వెనక అద్దె పుస్తకాల దుకాణం అతనిది. దుకాణంలో మూడు వందల నలభై పుస్తకాలుంటే అన్నీ డిటెక్టివ్ నవలలే. వాటిని చదివి చదివి తనకు తానే డిటెక్టివ్ ఉద్యోగం ఇచ్చుకున్నాడు. అద్దెకు తిరిగే పుస్తకాలకు ముందుగా ఊడేవి ఆఖరి కాగితాలే కాబట్టి, నేరం ఎట్లా జరుగుతుందో, అనుమానం ఎవరెవరి మీదికి పోతుందో అతనికి బాగా తెలుసు. నేరస్థుడు ఎట్లా దొరుకుతాడో మాత్రం తెలియదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చిన నాకు అంతకంటే పెద్ద గ్రంథాలయం దొరకలేదు. అట్లా అతను నాకు తమ్ముడయ్యాడు. అతని పరిశోధనలు నా నెత్తికి చుట్టుకున్నాయి.

అతను జేబులోంచి భూతద్దం తీశాడు. పరిశోధనలో ఉన్నంతసేపూ రామచంద్రం పుస్తకంలా మాట్లాడతాడు.

"అక్కా, సంచిని చూసి మనిషి ప్రయాణం చెప్పగల మేధావి ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు ఈ క్షణంలో మీ గడప మీద నిలబడి ఉన్నాడు."

"కడప మీద నిలబడొద్దు మామా, దిగు," అన్నాడు బషీర్.

రామచంద్రం దిగి, సంచిలోకి తల దూర్చి, చాలాసేపు చూశాడు.

"బనీన్లు మూడు. ఒక్కో బనీను ఐదు రోజులు. మూడైదులు పదిహేను. ఈ మనిషి సరిగ్గా పదిహేను రోజులు పని చేస్తాడు. పదహారో రోజు ఇదే వాకిట్లో చాయ తాగుతుంటాడు."

"ఒక బనీను ఐదు దినాలా? ఆపా, నా ఇజ్జత్ తీస్తుండు జూడు," అన్నాడు బషీర్ నాతో.

మా మరదలు మెహరాజ్ వంటింటి తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆ పొద్దుటి నుంచి ఆ పిల్ల మాట్లాడటం అదే మొదలు.

"నిజంగనేనా మామా? పదహారో దినమేనా?"

దానికి మాత్రం రామచంద్రం పుస్తకం వదిలి మామూలుగా జవాబు చెప్పాడు. "నా లెక్క తప్పితే గీ భూతద్దం పొయ్యిల ఏస్త బిడ్డా."

మేం చాయ తాగుతుండగా మెహరాజ్ సంచిని లోపలికి తీసుకుపోయి, కాసేపటికి తెచ్చి బషీర్ చేతికిచ్చింది. భూతద్దం ఆ వైపు తిరగలేదు.

పదహారో రోజు నేను చాయకు రెండు గ్లాసుల పాలు ఎక్కువ తీసుకున్నాను. నెల పోయింది. మూడు నెలలు పోయాయి. లారీ యజమానికి మూడు కార్డులు రాస్తే ఒక్క జవాబు వచ్చింది. బండి కర్ణాటకలో ఉంది, మనుషులంతా బండి మీదే ఉన్నారు, ఫికర్ చేయవద్దు అని. ఫికర్ చేయవద్దని రాసినవాళ్ళు బషీర్ చేత రెండు ముక్కలు ఎందుకు రాయించలేదా అని నాకు ఇంకా ఎక్కువ ఫికర్ పట్టుకుంది. ఏడు నెలలు నిండాయి.

మనిషి జాడ తెలియనప్పుడు మా ఇళ్ళల్లో ఆయతె కరీమా సవాలక్ష సార్లు చదువుతారు. చేప కడుపులో చిక్కిన యూనుస్ నబీ చేసుకున్న దువా అది. సవాలక్ష అని అందరూ లెక్కలేనితనానికి వాడతారు. మాకు అది లెక్క ఉన్న సంఖ్య. ఒక లక్షా ఇరవై ఐదు వేలు. ఒక్కటి తగ్గకూడదు.

మా అమ్మ కుట్టి పెట్టిన చిన్న సంచులు ఎనిమిది ఉన్నాయి. ఒక్కోదాంట్లో నూట ఇరవై ఐదు చింతగింజలు. ఎనిమిది మంది ఆడవాళ్ళం కూర్చుంటాం. ఒకసారి చదివి, ఒక గింజ కుడి నుంచి ఎడమకు జరపాలి. గింజలన్నీ ఎడమకు చేరితే ఒక చుట్టు. చుట్టుకొక బొగ్గు గీత గోడ మీద. తలా నూట ఇరవై ఐదు గీతలు పడితే సవాలక్ష నిండుతుంది. మధ్యలో లేవకూడదు, ముచ్చట పెట్టకూడదు కాబట్టి గీతలు గీసే పని పక్కింటి భద్రమ్మ తీసుకుంది.

"దువా మీది, బొగ్గు నాది," అంది. "గీత తప్పితే నన్నడుగుండ్రి."

1987 జులైలో ఐదు శుక్రవారాలు పడ్డాయి. వారానికి ఇరవై ఐదు చుట్లు అనుకున్నాం. మూడో శుక్రవారం చదువు అయిపోయాక, మనసు నిలవక సంచులన్నీ విప్పి గింజలు లెక్కపెట్టాను. ఏడు సంచులు సరిగ్గా ఉన్నాయి. మెహరాజ్ సంచిలో నూట ఇరవై నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాను. చాపలు దులిపాను. మళ్ళీ లెక్కపెట్టాను.

గింజ ఆ రోజు ఆఖరి చుట్టులో జారిపోయి ఉంటే తగ్గింది ఒక్కటే. మొదటి శుక్రవారమే పోయి ఉంటే చుట్టుకొకటి చొప్పున డెబ్బై ఐదు తగ్గాయి. ఎన్ని కలిపితే సరిపోతుందో తెలియదు. ఎక్కువైనా అది సవాలక్ష కాదు. మౌల్వీ అహ్మద్ అలీ సాబ్‌ను అడిగితే నియ్యత్, అంటే మనసులోని సంకల్పం, బాగుంటే చాలన్నారు. నియ్యత్‌ను గింజలతో లెక్కపెట్టలేం కదా. లెక్క తప్పింది కాబట్టే బషీర్ రావడం లేదని నాకు రూఢి అయిపోయింది. మెహరాజ్ తల వంచుకుని చాపలు చుడుతోంది. ఇంకో గింజ కలపబోతే, పోయినదే దొరుకుతది ఆపా అని నా చేయి పట్టుకుంది.

భద్రమ్మ నోట్లో మాట దాగదు. పొద్దున్నే రామచంద్రం దిగాడు.

"అక్కా, ఇది గింజ దొంగతనం కాదు. ఒక మహా సంఖ్య మీద జరిగిన హత్యాప్రయత్నం. ముందు హతురాలిని పరీక్షించాలి."

"గామె ఎవరు?" అంది భద్రమ్మ.

"సంఖ్య, వదినా."

సుద్దముక్క తీసి మా వంటింటి గోడ మీద 1,25,000 అని రాశాడు. రెండుతో భాగించాడు. మళ్ళీ రెండుతో, మళ్ళీ రెండుతో. పదిహేను వేల ఆరు వందల ఇరవై ఐదు వచ్చి రెండు ఆగిపోయింది. అక్కడి నుంచి ఐదు అందుకున్నాడు. ఆరుసార్లు భాగిస్తే ఒకటి మిగిలింది.

"చూశారా. మూడు రెండ్లు, ఆరు ఐదులు. ఇంకో అంకె ఈ సంఖ్యలోకి అడుగు పెట్టలేదు. యాభైని యాభైతో, మళ్ళీ యాభైతో హెచ్చవేస్తే ఇదే. పొడుగు యాభై, వెడల్పు యాభై, ఎత్తు యాభై పేర్చిన ఇటుకల దొంతర అన్నమాట. ఎటు నుంచి చూసినా సమానం. ఒక్క ఇటుక తీస్తే చాలు, మూల విరుగుతుంది."

ఆ మాటకు నేను మళ్ళీ చాపలు దులపడానికి లేచాను. అతను గమనించలేదు.

"ఇక మీ వంతులు. తలా 15,625. నూట ఇరవై ఐదును దానితోనే హెచ్చవేస్తే ఇది వస్తుంది. ఇరవై ఐదును మూడుసార్లు హెచ్చవేసినా ఇదే వస్తుంది. ఒకే శాల్తీ, రెండు వేషాలు. ఇట్లాంటి సంఖ్యను నేను నా వృత్తి జీవితంలో చూడలేదు."

"నీ వృత్తి పుస్తకాలు కిరాయికిచ్చుడు గద," అంది భద్రమ్మ. "గింజ ఎవరు తీసిండ్రో జెప్పు."

"చెప్పేశాను కదా. రెండు, ఐదు. రెండు కాళ్ళు, ఐదు వేళ్ళు. నేరస్థుడు మనిషి."

"సంచి ముడి ఇప్పింది బర్రె కాదని చెప్పనీకి గోడంత ఖరాబు చేస్తివా?"

"కోడి మీద నాకు అనుమానం ఉండేది వదినా. దానికీ రెండు కాళ్ళే. కానీ వేళ్ళు నాలుగు. కోడిని విడుదల చేస్తున్నాను." మా కోడి అప్పటికే అతని చెప్పు మీద నిలబడి ఉంది. "ఇంకా వినండి. మీ ఎనిమిది మందిలో ఒకరిని తీసేసి ఏడుగురికి పంచితే తలా పదిహేడు వేల ఎనిమిది వందల యాభై ఏడు. మిగిలేది ఎంత? ఒకటి. పోయింది ఎంత? ఒకటి."

"గయితే?"

"అయితే, నేరస్థురాలు ఈ ఎనిమిది మందిలోనే ఉంది."

"ఎనిమిది మందిని అనుమానించనీకి ఏడుతోని భాగారమెందుకు రామచంద్రం? నాకు భాగారం రాకముందు సంది అనుమానమే."

అతను పోయాక నేను తలుపు వేసుకుని ఆ భాగహారం మళ్ళీ చేశాను. నిజంగానే ఒకటి మిగిలింది. ఎవరి వంతుకూ రాని ఆ ఒక్కటి ఎక్కడికి పోవాలని నాకు కొత్త బెంగ పట్టుకుంది.

నాలుగో శుక్రవారం రామచంద్రం మా అరుగు మీద మారువేషంలో కూర్చున్నాడు. మారువేషం అంటే తలకు రుమాలు, మొహానికి అడ్డంగా కన్నాలు పెట్టిన పేపరు.

"పేపరు తలకిందులు పట్టినవ్ మరిదీ," అంది భద్రమ్మ గీత గీస్తూ.

"నేరస్థులకు అనుమానం రాకూడదని."

మధ్యాహ్నానికి అతను గావుకేక పెట్టి లోపలికి వచ్చాడు. చదువుతున్నవాళ్ళం నోరెత్తడానికి లేదు, కళ్ళెత్తి చూశాం.

"దొరికింది. మెహరాజ్ గింజలన్నీ ఎడమకు పోయాయి. కుడి వైపు ఖాళీ. అయినా పెదవులు కదులుతున్నాయి. ఒక చుట్టు కాదు, వరసగా పదకొండు చుట్లు చూశాను. దీని అర్థం ఒక్కటే. ఆమె గింజ నములుతోంది. బిడ్డా, నోరు తెరువు."

వేయించిన చింతగింజలు నమిలే అలవాటు మా వైపు చాలామందికి ఉంది. దువా గింజను నమలడం మాత్రం ఎవరూ వినలేదు. మెహరాజ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గింజ ఆపలేదు, పెదవులు ఆపలేదు. భద్రమ్మ లేచి, గోడ మీద గీయవలసిన గీత రామచంద్రం తెల్ల చొక్కా మీద గీసింది.

"పొల్లను ఏడిపించినందుకు గిది మొదటి చుట్టు. నూట ఇరవై ఐదు గీయమంటవా?"

రామచంద్రం వెనక్కి నడిచాడు. పోతూ పోతూ, "ముఖ్యమైన ఆధారం, నోటు చేసుకున్నాను," అన్నాడు. ఆ ఆధారం నిజంగా ముఖ్యమైనదేనని అతనికి తెలియదు. నాకూ తెలియలేదు.

ఐదో శుక్రవారం, జులై ముప్పై ఒకటి. పొద్దున్నే మొదలుపెట్టాం. రామచంద్రాన్ని ఇంట్లోకి రానివ్వనని భద్రమ్మ ముందే చెప్పింది కాబట్టి, అతను బస్టాండులో దిగేవాళ్ళ వేళ్ళు లెక్కపెడుతున్నాడు. నూట పద్దెనిమిదో చుట్టు నడుస్తుండగా వాకిట్లో అడుగుల చప్పుడైంది.

"అక్కా, ఈయన నిర్దోషి. నేను పరీక్షించాను. ఎడమ చేతికి నాలుగే వేళ్ళు," అంటూ రామచంద్రం ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

నలభై ఏళ్ళుంటాయి. జుట్టు నుంచి చెప్పుల దాకా రాతిపిండి. అతని సంచి కూడా అదే రంగుకు తిరిగి, ఏ సంచో గుర్తు పట్టేటట్టు లేదు. దాన్ని అరుగు మీద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"నా పేరు ఐలేశం. బోరు బండి మీద పని జేస్త. గిది బషీర్ వాళ్ళ ఇల్లేనా?"

ఆ మాట వినగానే అందరికంటే ముందు లోపలికి వచ్చి చెప్పాలని రామచంద్రం ఒక్క దూకు దూకాడు. కాలు సంచి పట్టెలో ఇరుక్కుంది. మనిషి ఇటు, సంచి అటు పడ్డాయి. జిప్పు తెగింది. లుంగీలు, బనీన్లు, సగం అరిగిన సబ్బు, మాత్రల డబ్బా. పక్క అరలోంచి గోధుమ రంగు గింజ ఒకటి దొర్లుకుంటూ వచ్చి గడపకు తగిలి ఆగింది.

రామచంద్రం పడుకున్నచోటనే దాన్ని అందుకుని పైకెత్తాడు.

"నూట ఇరవై ఐదో గింజ. అక్కా, కేసు ముగిసింది. నేను అనుకున్నట్టే నేరస్థుడు..."

అక్కడ ఆగాడు. చుట్టూ బనీన్లున్నాయి. అతను వాటిని లెక్కపెట్టాడు. మూడు. అప్పుడు సంచి గుర్తుపట్టాడు.

నేను చుట్టు మధ్యలో లేచాను. మా అమ్మ కాలం నుంచి ఎవరూ లేవలేదు.

"బషీర్ ఏడి?" అన్నాను.

"గదేందమ్మా, నన్నడుగుతవు," అన్నాడు ఐలేశం. "ఒకపూట పోయొస్తనన్నోడు ఎనిమిది నెలలాయె, పత్తా లేడు. ఇంటికాడ సుఖానికి మరిగిండనుకున్న. ఓనరు తిడ్తడని ఉన్నట్టే చెప్తొచ్చినం. ఇయ్యాల బండి గిట్ల మళ్ళింది. సంచి ఇచ్చి, నాలుగు తిట్టి పోదామని దిగిన. ఇంట్ల లేడా?"

"ఎన్నడు బయలెల్లిండు?"

"కార్తీక పున్నమి పోయిన మూడో దినం, బుధవారం. రాయచూరు రోడ్డు మీద పొద్దుగాల ఒక లారీ ఆపి ఎక్కిండు. రేపు రానే వస్తిని, సంచెందుకన్నడు." ఐలేశం కొంచెం నవ్వబోయి మానుకున్నాడు. "మా ఊళ్ళె ఒక డిటెక్టివ్ మామ ఉన్నడు, పదహారో దినం ఇంట్ల చాయ తాగుతనని లెక్క గట్టి చెప్పిండు, ఇంటామె గది నమ్మింది, తప్పితే ఇద్దరు చిన్నబోతరు అన్నడు. చాయ తాగొస్త అన్నడు."

రామచంద్రం నేల మీదే కూర్చుని ఉన్నాడు.

"నేను బనీన్లు లెక్కపెట్టిన," అన్నాడు. "గంతే అక్కా. బనీన్లు లెక్కపెట్టిన."

లోపల మెహరాజ్ మాత్రం లేవలేదు. చుట్టు పూర్తి చేసింది. ఆఖరి గింజ ఎడమకు జరిపింది. కుడి వైపు ఖాళీ. పెదవులు ఇంకోసారి కదిలాయి. అప్పుడు లేచి వచ్చి రామచంద్రం చేతిలోంచి గింజ తీసుకుంది.

"నేనే ఏసిన ఆపా, ఆయనకు చెప్పకుండ. ఇంట్ల ఒకటి తక్కువుంటె, తెచ్చి కలపనీకన్న వస్తడనుకున్న."

"మరి లెక్క తప్పిందని నేను గింత గోసపడ్తుంటె చెప్పకపోతివి."

"తప్పలె ఆపా. మొదటి చుట్టు సంది గింజ లేకున్న ఒకటి ఎక్కువ చదువుతున్న, ఆయన కాడ ఉన్న గింజ మీద. చెప్తె సంచి ముట్టినవని అంటవని భయమైంది."

చుట్టుకొకటి. నూట ఇరవై నాలుగుకు ఒకటి కలిపితే నూట ఇరవై ఐదు. ఏ శుక్రవారమూ ఏమీ తగ్గలేదు. ఆ పిల్ల నమిలిందని రామచంద్రం చెప్పిన గింజ అదే.

ఐలేశానికి భద్రమ్మ నీళ్ళిచ్చింది. మేం తిరిగి కూర్చున్నాం. ఇంకేం చేయాలో ఎవరికీ తెలియలేదు, మిగిలిన చుట్లు మాత్రం తెలుసు. నేను లేచిన చుట్టును మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఆ పైన ఏడు. మెహరాజ్ ఆ గింజను తన సంచిలో కలుపుకుంది. ఈసారి ఆఖరి గింజతోనే పెదవులు ఆగాయి. సాయంత్రం నాలుగు గంటలకు భద్రమ్మ ఆఖరి గీత గీసి, వేయి గీతలూ వేలితో తాకుతూ లెక్కపెట్టి, సరిపోయిందని చెప్పింది. యాభై, యాభై, యాభై. ఏ మూలా విరగలేదు.

రామచంద్రం చెప్పిన మాట ప్రకారం భూతద్దం మా పొయ్యిలో వేశాడు. గాజు పగిలింది, చట్రం మిగిలింది. అతని పరిశోధనల్లో దోషి దొరికింది ఆ ఒక్కసారే, అది తనే. తరువాత అతను రాయచూరు రోడ్డు మీద లారీలను అడుగుతూ ఏడుసార్లు పోయాడు. ఏడుసార్లూ తిరిగి వచ్చాడు.

బషీర్ 1986 నవంబరు పంతొమ్మిది, బుధవారం ఉదయం ఇంటికని బయలుదేరాడు. రాలేదు.